నంది కొండకు ఏ నెలలో, ఏ గంటకు

బెంగళూరులో ఉండే తెలుగువాళ్ళు శనివారం రాత్రి మూడింటికి అలారం పెట్టుకున్నారంటే అది నంది కొండకే అయి ఉంటుంది. తీరా వెళ్ళాక కింద గేటు దగ్గర గంటసేపు బండిలోనే కూర్చుంటారు. పైకి చేరేసరికి ఎండ ఎక్కేసి ఉంటుంది, లేదంటే పక్క మనిషి కూడా కనపడనంత మబ్బు. ఒక ప్లేటు మ్యాగీ తిని దిగి వచ్చేస్తారు. నెల, వారం, ముందు రాత్రి గాలి, ఈ మూడూ చూసుకుని బయల్దేరితే ఇదే కొండ చాలా ఇస్తుంది. చూసుకోకపోతే అరవై కిలోమీటర్లు పోయి ట్రాఫిక్ చూసి రావడమే.

ముందు కొండ సంగతి. చిక్కబళ్ళాపురం జిల్లాలో ఉంది, ఎత్తు సముద్రమట్టానికి 1,478 మీటర్లు. బెంగళూరు నడిబొడ్డు నుంచి రోడ్డు మీద 60 కి.మీ. దూరం. చుట్టూ ఉన్న నేల తొమ్మిది వందల మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటుంది కాబట్టి, మన కళ్ళకు కనిపించే కొండ 560 మీటర్లకు అటూ ఇటూ. ఈ లెక్క గుర్తుపెట్టుకుంటే కొండ అంచున ఉన్న టిప్పు డ్రాప్ దగ్గర ఎవరైనా "ఇది ఆరు వందల మీటర్ల లోయ" అని చెప్పినప్పుడు నవ్వుకోవచ్చు. మొత్తం కొండే అంత లేదు. అది నిటారు బండ, కింద పడితే బతకరు. భయపడటానికి అంతే చాలు, అంకె పెంచాల్సిన పని లేదు.

అదే 560 మీటర్లతో ఇంకో లెక్క కూడా వస్తుంది. గాలి తేటగా ఉంటే అంత ఎత్తు నుంచి దిగంతం 80 కి.మీ. పైగా దూరంలో ఉంటుంది. మైదానంలో నిలబడ్డవాడికంటే మనకు సూర్యుడు దాదాపు 3 నిమిషాలు ముందు కనపడాలి. ఆచరణలో మాత్రం దిగంతం మీద పేరుకున్న దుమ్ము, పొగ ఆ మూడు నిమిషాలనూ మింగేసి, ఇంకో అయిదు నిమిషాలు ఆలస్యం చేస్తాయి. పంచాంగంలో చెప్పిన వేళకు సూర్యుడు రాలేదని కంగారుపడి వెనక్కి తిరగకండి.

ఇక నెలల సంగతి, అసలు విషయం ఇదే.

ఫోటోల్లో చూసి అందరూ కోరుకునేది కింద మబ్బులు, పైన మనం, మధ్యలో పక్క కొండల శిఖరాలు ద్వీపాల్లా తేలే దృశ్యం. అది మబ్బుల వానాకాలంలో వస్తుందనుకుని జులైలో బయల్దేరేవాళ్ళు చాలామంది. నిజానికి ఆ దృశ్యం చలికాలానిది. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా, అంటే నవంబరు నుంచి జనవరి వరకు దానికి అదను. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేల తన వేడిని పైకి వదిలేసి తొందరగా చల్లబడుతుంది. నేలను ఆనుకున్న గాలి కూడా చల్లబడి బరువెక్కి, కొండ వాలుల మీదుగా పల్లానికి జారుతుంది. అక్టోబరు, నవంబరు వానలకు చెరువులు నిండి నేలలో తడి ఉంటే, ఆ చల్లగాలిలోని తేమ తెల్లవారేసరికి పొగమంచుగా మారుతుంది. దాని మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుని పొగమంచును పైకి లేవనివ్వదు. కొండ కొస ఆ మూతకు పైన ఉంటే మీ అదృష్టం. కొన్ని రోజులు మూత మరీ ఎత్తులో ఉండి కొండే అందులో మునిగిపోతుంది. అప్పుడు ఏమీ కనపడదు.

ముందు రాత్రి ఫోన్‌లో చూసుకోవాల్సినవి నాలుగు. గడిచిన రెండు మూడు రోజుల్లో వాన పడి ఉండాలి. ఆ రాత్రి ఆకాశంలో మబ్బులు ఉండకూడదు. గాలి గంటకు పది కిలోమీటర్ల లోపు ఉండాలి. అంతకు మించితే పొగమంచు చెదిరిపోతుంది. నాలుగోదే అసలైనది: మంచు బిందువు (డ్యూ పాయింట్, గాలిలోని తేమ నీటిబొట్లుగా మారడం మొదలయ్యే వేడి) ఉష్ణోగ్రతకూ, తెల్లవారుజాము కనిష్ఠ ఉష్ణోగ్రతకూ తేడా రెండు డిగ్రీల లోపు ఉండాలి. వాతావరణం యాప్‌లలో చాలావరకు ఈ మంచు బిందువు అంకె ఇస్తాయి, కాస్త కిందికి జరిపి చూడాలంతే. బెంగళూరు నగరానికి చూడకండి, చిక్కబళ్ళాపురానికి గానీ దేవనహళ్ళికి గానీ చూడండి. నగరంలో సిమెంటు వేడికి కనిష్ఠం ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది, లెక్క తప్పుతుంది. నాలుగూ కుదిరితే కచ్చితంగా కనపడుతుందని కాదు, వెళ్ళడానికి తగిన రాత్రి అని. రెండు కూడా కుదరకపోతే పడుకోవడం మేలు.

పొగమంచు సూర్యోదయంతోనే పోదు. ఎండ నేలకు తగిలి వెచ్చబడేసరికి ఎనిమిది, ఒక్కోసారి తొమ్మిది అవుతుంది. ఆ మధ్య గంటన్నరలో అది కదులుతుంది, లేస్తుంది, విరుగుతుంది. చూడాల్సిందల్లా అప్పుడే ఉంటుంది. సూర్యుడు బొట్టంత కనపడగానే సెల్ఫీ తీసుకుని ఏడింటికల్లా బండి తీసేవాళ్ళు సినిమాలో పేర్లు పడగానే లేచి వెళ్ళినట్టే. పైగా వాళ్ళంతా దిగే వేళకు ఘాటు రోడ్డు నిండిపోతుంది. ఎనిమిదిన్నర దాకా ఆగితే దృశ్యమూ దక్కుతుంది, రోడ్డూ ఖాళీ అవుతుంది.

జూన్ నుంచి సెప్టెంబరు వరకు లెక్క వేరు. నైరుతి గాలి కొండను ఢీకొని పైకి లేచి మబ్బు కడుతుంది. ఆ మబ్బు అడుగు కొండ కొసకంటే కిందే ఉంటుంది కాబట్టి మనం మబ్బు లోపల ఉంటాం. వాన పడకపోయినా చెట్ల ఆకుల నుంచి నీళ్ళు కారుతూ ఉంటాయి. సూర్యోదయం కోసం ఈ నెలల్లో మూడింటికి లేవడం దండగ. నడవడానికి మాత్రం ఇంతకంటే మంచి కాలం లేదు. నాచు పట్టిన కొమ్మలు, గోడల మీద ఫెర్న్ మొక్కలు, జనం తక్కువ. తొమ్మిదింటికి తీరిగ్గా బయల్దేరి వెళ్ళి, గొడుగు బదులు రెయిన్‌కోటు వేసుకుని తిరగొచ్చు. గాలికి పైన గొడుగు నిలవదు. భారీ వాన హెచ్చరిక ఉన్న రోజు మాత్రం వద్దు. 2021 ఆగస్టులో ఒక్క రాత్రి వానకు కొండచరియలు విరిగి రోడ్డు తెగిపోయి, మూడు నెలలకు పైగా కొండ మూసేశారు.

వేసవిలో, అంటే మార్చి నుంచి మే వరకు, కొండ మీద బెంగళూరు కంటే మూడు నాలుగు డిగ్రీలు తక్కువ ఉంటుంది. వంద మీటర్లకు 0.65 డిగ్రీ చొప్పున తగ్గుతుంది, లెక్క సరిగ్గా అంతే వస్తుంది. అంతకు మించి ఆశించకూడదు. ఊటీ అనుకుని వచ్చినవాళ్ళు మధ్యాహ్నం బండల మీద కాళ్ళు కాల్చుకుంటారు. ఉదయాలు పొడిగా ఉంటాయి, దూరం అంతా బూడిద రంగు మసక. వేసవికి ఒకే ఒక్క మంచి అవకాశం ఉంది: ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుములతో వాన పడ్డ మర్నాడు తెల్లవారుజాము. గాలిలోని దుమ్మంతా కడిగేసి ఉంటుంది కాబట్టి దక్షిణాన విమానాశ్రయం దీపాలు, ఉత్తరాన పక్క కొండ స్కందగిరి అంచు గీసినట్టు కనపడతాయి. ఏడాది మొత్తంలో అంత దూరం కనపడే రోజులు ఇవే. కానీ వాన పడే సాయంత్రం మాత్రం పైన ఉండకూడదు. చెట్టు లేని బండ మీద మెరుపు వేళ నిలబడటం కంటే తెలివితక్కువ పని లేదు. ఉరుము వినపడిందంటే పిడుగు మీ దాకా రాగల దూరంలోనే ఉందని అర్థం. వెంటనే భవనంలోకి గానీ కారులోకి గానీ వెళ్ళాలి, చెట్టు కిందికి కాదు.

సూర్యోదయ వేళలు కాగితం మీద రాసుకోదగ్గవి. జనవరి మధ్యలో 6.45, మార్చి మధ్యలో 6.27, మే, జూన్‌లలో 5.54, అక్టోబరు మధ్యలో 6.10, డిసెంబరు మధ్యలో 6.33. ఆకాశంలో రంగులు దీనికి 35-40 నిమిషాల ముందే మొదలవుతాయి. ఇప్పుడు గేటు సంగతి చూడండి. కింద చెక్‌పోస్టు తెరిచే వేళ ఏళ్ళ తరబడి మారుతూ వచ్చింది, కొన్నాళ్ళు ఆరింటికి, కొన్నాళ్ళు అయిదింటికి. అయిదింటికే తెరిచారనుకుందాం. గేటు నుంచి పైకి ఏడెనిమిది కిలోమీటర్ల ఘాటుకి 20-25 నిమిషాలు, టికెట్టుకీ పార్కింగుకీ కలిపి పదిహేను, అక్కడి నుంచి తూర్పు అంచుకి నడక ఇంకో పదిహేను. మొత్తం 50 నిమిషాలు దాటుతుంది. మేలో 5.54కి వచ్చే సూర్యుణ్ణి పట్టుకోవాలంటే గేటు దగ్గర మీ ముందు నాలుగైదు బండ్లకు మించి ఉండకూడదు. జనవరిలో గంటన్నర పైగా చేతిలో ఉంటుంది, వరుసలో వెనక ఉన్నా అందుతుంది. "వేసవి సెలవుల్లో పిల్లలకి సన్‌రైజ్ చూపిద్దాం" అన్న ఆలోచన ఎక్కువసార్లు బెడిసికొట్టేది ఇందుకే. పిల్లలు కాదు, గడియారం కారణం.

సాయంత్రం ఆరు దగ్గరకల్లా అందరినీ దింపేస్తారు. కాబట్టి మే, జూన్‌లలో ఆరున్నర దాటాక పడే సూర్యాస్తమయం పైన గది తీసుకున్నవాళ్ళకే. పైన కర్ణాటక పర్యాటక సంస్థ వాళ్ళ మయూరా పైన్ టాప్ హోటల్ ఉంది. రాత్రి అక్కడ ఉంటే గేటు బాధే లేదు. గదులు తక్కువ, శని ఆదివారాలకు చాలా ముందే అయిపోతాయి.

వారం గురించి ఒక్క మాట చాలు: మంగళ, బుధ, గురువారాలు. శని, ఆదివారాలు తప్పనిసరైతే సిటీ నుంచి మూడున్నరకల్లా కదలాలి, అప్పుడు కూడా గేటు దగ్గర వరుస తప్పదు. పైన పార్కింగు నిండితే కింద నుంచి బండ్లు వదలరు, ఒకటి దిగితే ఒకటి. 2021 చివర్లో కొండ మళ్ళీ తెరిచినప్పుడు వారాంతాలకు ఆంక్షలు పెట్టారు. 2025 వేసవిలో పనుల కోసం నెల రోజులు సోమవారం నుంచి శుక్రవారం దాకా మూసి, శని ఆదివారాలు మాత్రం తెరిచారు. అందుకని ముందు రోజు సాయంత్రం అధికారిక ప్రకటన ఒకసారి చూసుకోకుండా బయల్దేరవద్దు. శివరాత్రికి కింద నంది గ్రామంలో రథోత్సవం, పశువుల సంత జరుగుతాయి. ఆ రోజుల్లో కొండ మాట మరచిపోయి సంతకే వెళ్ళడం మంచిది.

దారి సులువే. బెంగళూరు నుంచి హెబ్బాళ, విమానాశ్రయం రోడ్డు, దేవనహళ్ళి దాటాక ఎన్‌హెచ్ 44 మీద నంది బోర్డు చూసి ఎడమకు తిరగాలి. హైదరాబాదు, కర్నూలు, అనంతపురం నుంచి వచ్చేవాళ్ళకి అసలు బెంగళూరు దాకా పోవాల్సిన పనే లేదు. అదే ఎన్‌హెచ్ 44 మీద బాగేపల్లి, చిక్కబళ్ళాపురం దాటాక కుడివైపు నంది గ్రామం దారి వస్తుంది. రాత్రి బస్సులో బెంగళూరు పోయి, మర్నాడు మళ్ళీ క్యాబ్ మాట్లాడుకుని వెనక్కి అరవై కిలోమీటర్లు వచ్చేవాళ్ళు ఉన్నారు. చిక్కబళ్ళాపురంలోనే దిగి రాత్రి ఉంటే తెల్లవారుజామున అరగంట ప్రయాణం. భాషకు ఇబ్బంది లేదు, చిక్కబళ్ళాపురం, బాగేపల్లి వైపు తెలుగు ఇంటి భాషగా ఉన్న కుటుంబాలు బోలెడు. హిందూపురం నుంచి గౌరీబిదనూరు మీదుగా రావచ్చు.

బస్సు మీద ఆధారపడేవాళ్ళు సూర్యోదయం వదులుకోవాలి. బెంగళూరు మెజెస్టిక్ బస్టాండు నుంచి ఉదయం వేళ బస్సు ఉంటుంది గానీ తెల్లవారాకే బయల్దేరుతుంది. మబ్బుల కాలంలో, అంటే జూన్ నుంచి సెప్టెంబరు వరకు, అది ఏమాత్రం నష్టం కాదు.

ఘాటు రోడ్డు మీద బండికి జరిగే ఇబ్బందులు ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడే ఎక్కువ. స్కూటర్ల సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే వాటికి గేర్లు ఉండవు, ఇంజిన్ పట్టి ఆపడం చాలా తక్కువ. ఇద్దరు ఎక్కి, వెనక బ్రేకు ఒక్కదాన్నే నొక్కిపట్టి దిగితే డ్రమ్ము వేడెక్కి, సగం దారిలో లివరు చేతికి ఆనుతుంది గానీ బండి ఆగదు. ముందూ వెనకా కలిపి గట్టిగా నొక్కి వేగం తగ్గించి, వదిలేసి, మళ్ళీ నొక్కాలి. కాలిన వాసన వచ్చిందంటే పక్కకు ఆపి పావుగంట చల్లారనివ్వాలి. నీళ్ళు పోయకూడదు, వేడి మీద డిస్కు వంకర తిరుగుతుంది, డ్రమ్ము పగిలే ప్రమాదమూ ఉంది. గేరు బైకులైతే రెండో గేరు చాలు. కార్లకు ఎక్కేటప్పుడు ఏ గేరో దిగేటప్పుడూ అదే. ఆటోమేటిక్ కార్లలో డి లో వదిలేసి బ్రేకు మీద దిగడం అలవాటు. ఎల్ గానీ మాన్యువల్ గానీ పెట్టుకోవాలి. పెట్రోలు మిగులుతుందని ఇంజిన్ ఆపి జారేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఇంజిన్ ఆగితే బ్రేకుకి సాయం చేసే వాక్యూమ్ రెండు మూడు నొక్కులకు అయిపోతుంది, స్టీరింగు రాయిలా బిగుస్తుంది. పైగా ఇప్పటి కార్లు గేరులో ఉండి కాలు యాక్సిలరేటర్ మీంచి తీస్తే అసలు పెట్రోలే తీసుకోవు. మిగిలేది ఏమీ లేదు.

కరెంటు బండ్లకు ఒక లెక్క. నలుగురు ఎక్కిన కారు 1,800 కిలోలు అనుకుంటే 560 మీటర్లు ఎక్కడానికి సుమారు 3 యూనిట్లు అదనంగా ఖర్చవుతాయి. 30 యూనిట్ల బ్యాటరీలో పదో వంతు. దిగేటప్పుడు ఇందులో కొంత తిరిగి వస్తుంది. స్కూటరుకు కొండ ఎక్కడం అర యూనిట్ లోపే. సమస్య కొండ కాదు, రానూ పోనూ 120 కిలోమీటర్లు. వంద కిలోమీటర్ల లోపు వచ్చే స్కూటరు వేసుకుని వెళ్తే దేవనహళ్ళిలోనో చిక్కబళ్ళాపురంలోనో చార్జింగు చూసుకోవాల్సిందే. పైన రాత్రి ఉండి నూరు శాతం నింపుకుని దిగితే మాత్రం మొదటి కొన్ని మలుపుల దాకా రీజెన్ బ్రేకింగు (వేగం తగ్గిస్తూ బ్యాటరీ నింపే పద్ధతి) పనిచేయదు, నిండిన బ్యాటరీకి ఇంకా పట్టదు. తొంభై దగ్గర ఆపేయండి.

పొగమంచులో హైబీమ్ వేస్తే ఎదురుగా తెల్లగోడే కనపడుతుంది, లోబీమ్ వేసుకోవాలి. నాలుగు ఇండికేటర్లూ వెలిగించి నడపడం వల్ల మీరు ఎటు తిరుగుతారో వెనకవాడికి తెలియదు, ఆగినప్పుడే అవి వెయ్యాలి. అద్దం సంగతి చాలామందికి తెలియదు. డిసెంబరులో బయట చలి, లోపల నలుగురి ఊపిరి, కాబట్టి తేమ అద్దానికి లోపల పడుతుంది. ఏసీ వేసి బయటి గాలి లోపలికి వచ్చేలా పెడితే నిమిషంలో పోతుంది. జులైలో అద్దానికి బయట పడుతుంది, ఏసీ చల్లదనం వల్లే. అప్పుడు ఏసీ చలి తగ్గించి వైపరు వెయ్యాలి. గుడ్డతో లోపల ఎంత తుడిచినా పోదు. కెమెరా లెన్సుదీ ఇదే తిప్పలు, చివరి పది నిమిషాలు ఏసీ ఆపేస్తే దిగగానే మసక పట్టదు.

బట్టల విషయంలో జనవరి తెల్లవారుజామున పైన పది డిగ్రీల దరిదాపుకు వస్తుంది, దానికి తోడు గాలి. లావు స్వెట్టరు ఒక్కటి వేసుకుంటే గాలి దారాల మధ్య నుంచి దూరుతుంది. మామూలు స్వెట్టరు మీద గాలి దూరని పల్చటి జాకెట్ వేస్తే అంతకంటే నయం. బైకు మీద వెళ్ళేవాళ్ళకు చేతి తొడుగులు తప్పనిసరి, బిగుసుకుపోయిన వేళ్ళకు బ్రేకు అందదు. చెప్పులు మాత్రం ఏ కాలంలోనూ వద్దు. నున్నటి రాయి మీద తెల్లవారుజాము మంచు పడితే రబ్బరు చెప్పు జారిపోతుంది.

పైన ఎక్కడ నిలబడాలి అన్నది కూడా నెలను బట్టే. జూన్‌లో సూర్యుడు నేరు తూర్పుకంటే 24 డిగ్రీలు ఉత్తరంగా ఉదయిస్తాడు, డిసెంబరులో అంతే దక్షిణంగా. ఈశాన్యంలో గుత్తిగా కనపడే చిక్కబళ్ళాపురం దీపాలు గుర్తు. వేసవిలో ఆ దీపాలకు కాస్త కుడిపక్కన వస్తాడు. చలికాలంలో చాలా కుడికి, ఆగ్నేయం వైపు చూడాలి. అందరూ గుమిగూడిన చోట మీ ముందు చెట్టో గోడో అడ్డం వస్తే ఈ లెక్కతో కోట గోడ వెంబడి ఇరవై అడుగులు జరిగితే సరిపోతుంది. గోడ ఎక్కి నిలబడొద్దు. అది కట్టి వందల ఏళ్ళయింది, రాళ్ళు కదులుతాయి.

కోతుల గురించి చెప్పకపోతే తప్పు. అవి ప్లాస్టిక్ సంచి చప్పుడు గుర్తుపడతాయి. లోపల ఏముందో వాటికి అనవసరం, చప్పుడు వస్తే చాలు, లాగేస్తాయి. తినుబండారాలు గుడ్డసంచిలో, జిప్పు ఉన్న బ్యాగులో పెట్టుకోండి. ఎలాగూ ప్లాస్టిక్ పైకి తీసుకెళ్ళనివ్వరు. కారు కిటికీ రెండు అంగుళాలు తెరిచి ఉంచినా చెయ్యి పెడతాయి. బ్యాగు పట్టుకుని లాగితే తిరిగి లాగకండి, కరిస్తే ఆ రోజే రేబిస్ సూదులు మొదలుపెట్టాలి. ముందుగా గాయాన్ని సబ్బుతో పావుగంట పారే నీళ్ళ కింద కడగాలి.

ఎనిమిది దాటాక, జనం దిగుతుండగా, కొండ మీద తిరగాల్సిన చోట్లు ఉన్నాయి. యోగనందీశ్వరుడి గుడి, మెట్ల బావిలా దిగే అమృత సరోవరం, టిప్పు వేసవి విడిది, మైసూరు కమిషనరుగా పనిచేసిన మార్క్ కబ్బన్ విడిది చేసిన బంగళా. ఆ బంగళాయే ఇప్పటి నెహ్రూ నిలయం. గాంధీజీ 1927 వేసవిలో ఆరోగ్యం కుదుటపడటానికి ఇక్కడ ఉన్నారు, 1936లో మళ్ళీ వచ్చారు. 1791 అక్టోబరులో కారన్‌వాలిస్ సైన్యం మూడు వారాలు ముట్టడించి ఈ కోటను టిప్పు మనుషుల నుంచి తీసుకుంది. కోట గోడ వెంట నడుస్తూ ఆ వాలు ఒకసారి కిందికి చూస్తే మూడు వారాలు ఎందుకు పట్టిందో తెలుస్తుంది. పక్షులు చూసేవాళ్ళు చలికాలం ఉదయం పొదలున్న వాలుల వైపు వెళ్ళాలి. పసుపు గొంతు పికిలిపిట్ట దక్షిణ భారతంలోని రాతికొండల్లో తప్ప ఇంకెక్కడా ఉండదు, మన హార్స్‌లీ హిల్స్‌లోనూ ఉంది.

తెలుగువాళ్ళకు ఈ కొండతో ఉన్న అసలు బంధుత్వం నీళ్ళది. పెన్న పుట్టింది ఈ నంది కొండల వరుసలోనే, చెన్నకేశవ కొండ దగ్గర. 597 కి.మీ. ప్రయాణించి హిందూపురం వైపు నుంచి సీమలోకి వచ్చి, గండికోట దగ్గర బండలు చీల్చుకుని, కడప, నెల్లూరు జిల్లాలు దాటి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఉత్తర పినాకిని అంటే అదే. దక్షిణ పినాకిని ఇదే కొండల నుంచి తమిళనాడుకు పోతుంది, అర్కావతి కావేరికి పోతుంది. పుట్టపర్తి మీదుగా వచ్చి పెన్నలో కలిసే చిత్రావతి కూడా ఈ చిక్కబళ్ళాపురం జిల్లాదే. కొండ మీద నిలబడి నదులు కనపడతాయని వెతకొద్దు, మొదట్లో అవి చెరువు నుంచి చెరువుకు పారే వాగులే. మైదానంలో మెరిసే చెరువుల వరుసను చూస్తే నీళ్ళు ఎటు పారుతున్నాయో అర్థమవుతుంది. నవంబరులో ఆ చెరువులు నిండి ఉంటాయి, మేలో చాలావాటిలో పగుళ్ళే.

కాళ్ళలో ఓపిక ఉన్నవాళ్ళకు గేటూ పార్కింగూ అక్కర్లేని దారి ఒకటుంది. సుల్తాన్‌పేట వైపు నుంచి పాత కోట మెట్లు, వెయ్యికి పైగా ఉంటాయి. మామూలుగా నడిచేవాళ్ళకు గంట నుంచి గంటన్నర. మెట్లు ఒక ఎత్తులో ఉండవు, కొన్ని మోకాలెత్తు. అందుకే ఎక్కినప్పటి కంటే దిగినప్పుడు మోకాళ్ళకు తెలుస్తుంది. మనిషికి లీటరున్నర నీళ్ళు పెట్టుకోవాలి, దారిలో దొరకవు. వానాకాలం నాచు పడితే ఈ దారి మానుకోవాలి. వేసవిలో ఎనిమిది తరవాత బండ కాలుతుంది, అప్పుడు కూడా మానుకోవాలి. చీకట్లో ఒంటరిగా ఎక్కే దారి కూడా కాదు.

దిగాక కింద నంది గ్రామంలో భోగనందీశ్వరుడి గుడి చూడకుండా వెళ్ళిపోవడం అన్యాయం. తొమ్మిదో శతాబ్దంలో మొదలై, చోళులు, హొయసళులు, విజయనగర రాజుల కాలాల్లో పెరిగిన గుడి. అరుణాచలేశ్వరుడికీ భోగనందీశ్వరుడికీ పక్కపక్కనే రెండు ఆలయాలు, మధ్యలో ఉమామహేశ్వరుడు. ఆ మధ్య మండపంలోని నల్లరాతి స్తంభాల పనితనం ముందు చాలా పేరున్న గుళ్ళు కూడా దిగదుడుపే. వెనక పెద్ద కల్యాణి, అంటే కోనేరు, ఉంది. కొండ మీద ఎంత జనమున్నా ఇక్కడ ఉదయం పది లోపు పలుచగా ఉంటుంది. చిక్కబళ్ళాపురం దగ్గర 2023లో ఈశా ఫౌండేషన్ వాళ్ళు ఆదియోగి శివుడి విగ్రహం పెట్టినప్పటి నుంచి వారాంతం మధ్యాహ్నాలు ఆ వైపు రోడ్లు నిండుతున్నాయి. తిరుగు ప్రయాణం అది దృష్టిలో పెట్టుకుని వేసుకోవాలి.

ఫిబ్రవరి, మార్చిలలో వెళ్తే దేవనహళ్ళి వైపు రోడ్డు పక్కన నల్లద్రాక్ష దొరుకుతుంది. బెంగళూరు బ్లూ రకం, 2013లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. గింజ ఉంటుంది, తొక్క మందం, పులుపుతో కూడిన తీపి, రసానికి దీన్ని మించింది లేదు. దేవనహళ్ళి పంపరపనసకీ ఆ గుర్తింపు ఉంది. కాయ సైజు చూసి మోసపోకండి. ఒకే సైజు కాయలు రెండు చేతుల్లోకి తీసుకుని బరువున్నది ఎంచుకోండి, తేలికగా ఉన్నదాంట్లో తొక్కే ఎక్కువ.